నూనె తగిలిన చోటే పని

మొక్కలు పెంచేవాళ్లు నన్నడిగే ప్రశ్నల్లో సగం వేపనూనె గురించే. ఎంత కలపాలి, ఎన్నాళ్లకోసారి కొట్టాలి, కొట్టినా పురుగు ఎందుకు పోలేదు అని. గూడూరు వైపు మా నిమ్మతోట రోజుల నుంచి ఇప్పటి మా హైదరాబాదు మిద్దె తోట దాకా నేను ఎక్కువగా నమ్ముకున్నది నూనె మందులనే. వేపనూనె కావచ్చు, కానుగనూనె కావచ్చు, దుకాణంలో అమ్మే మినరల్ ఆయిల్ కావచ్చు, అన్నీ తగిలిన చోటే పని చేస్తాయి. తగలని చోట ఎంత కొట్టినా దండగే. కింద చెప్పేవన్నీ చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతాయి.

1. నూనె ఊపిరి ఆపుతుంది

పురుగుకు మనలా ముక్కు ఉండదు. ఒంటికి రెండు పక్కలా వరసగా సన్నని రంధ్రాలుంటాయి, గాలి వాటిలోంచే లోపలికి పోతుంది. పలచని నూనె పొర ఆ రంధ్రాలను మూసేస్తే పురుగు ఊపిరాడక చస్తుంది. గుడ్లకు కూడా గాలి కావాలి కాబట్టి పొర కప్పిన గుడ్డు పొదగదు. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ పిల్లలు, పొలుసు పురుగులు, ఎర్రనల్లి లాంటి మెత్తని ఒళ్లు గలవి, ఒకచోట అతుక్కుని రసం పీల్చేవి నూనెకు తేలిగ్గా లొంగుతాయి. ఎగిరే పెంకు పురుగులు, కాయ తొలిచే పురుగులు లొంగవు. వంకాయ లోపల ఉన్న పురుగుకు నూనె ఎలా తగులుతుంది?

ఆకు మీద నూనె ఆరిపోయిందంటే దాని పని చాలావరకు అయిపోయినట్టే. రేపు కొత్తగా వచ్చి వాలే దోమను అది చంపదు. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు. నా దృష్టిలో ఇదే దీని పెద్ద గుణం. విషానికి అలవాటు పడినట్టు పురుగు నూనెకు అలవాటు పడలేదు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడినప్పుడు, అప్పటికి కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను మితిమీరి కొట్టడం కూడా దానికొక కారణమని తర్వాత తేల్చారు. కొట్టేకొద్దీ దోమ పెరిగింది, రైతు అప్పూ పెరిగింది. ఆ రోజులు చూసిన తరానికి, పురుగు అలవాటు పడని మందు విలువ ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

2. ముందు ఆకు తిప్పి చూడండి

మా పక్క ఫ్లాటు అమ్మాయి ఒకరోజు మందారం కొమ్మ విరుచుకుని వచ్చింది. "పెద్దమ్మా, వారం వారం కొడుతున్నాను, తెల్లదోమ పోవట్లేదు. ఈ నూనె కల్తీదేమో" అంది.

"ఎక్కడ కొడుతున్నావమ్మా?"

"ఆకుల మీదే. నీళ్లు కారేదాకా కొడుతున్నాను."

ఆకు తిప్పి చూపించాను. పైన నూనె మెరుపు కనిపిస్తోంది. అడుగున ఈనెల పక్కన, ఆవగింజ కన్నా చిన్నవి, పాలిపోయిన పసుపు రంగు పొలుసులు బారులు తీరి ఉన్నాయి. అవే తెల్లదోమ పిల్లలు. గుడ్డులోంచి వచ్చాక కాస్త దూరం నడిచి, ఒకచోట ముక్కు గుచ్చి, రెక్కలు వచ్చేదాకా అక్కడే ఉండిపోతాయి. కొమ్మ కదిపితే లేచేవి రెక్కలొచ్చిన పెద్దవి. మనం వాటిని చూసి మందు కొడతాం, అవి ఎగిరిపోయి మళ్లీ వస్తాయి. అసలు చావాల్సినవి అడుగున నిమ్మళంగా ఉంటాయి.

కాబట్టి పంపు మూతిని పైకి తిప్పి, కింది నుంచి పైకి కొట్టండి. కుండీ చిన్నదైతే వంచి పట్టుకుని కొట్టండి. తర్వాత రెండు మూడు ఆకుల అడుగున వేలితో రాసి చూడండి, తడి తగలాలి. పిండినల్లికి కొమ్మ చీలే మూలలు, కాడ మొదళ్లు, మొగ్గ తొడిమలు చూడాలి. పొలుసు పురుగుకు ముదురు కొమ్మల బెరడు చూడాలి. పిండినల్లి ఒంటి మీద ఉండే మైనపు పిండి నూనెను కొంత అడ్డుకుంటుంది. అందుకని ముందు గట్టి నీళ్లధారతో కడిగి, ఆరాక నూనె కొడితే సగం మందుతో పని అవుతుంది. నాలుగు కుండీలే ఉంటే పాత పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్దేయడం అన్నిటికన్నా మేలు.

3. కలపడం తెలిస్తే సగం పని అయినట్టే

నూనె, నీళ్లు కలవవని అందరికీ తెలుసు. అయినా బకెట్టు నీళ్లలో మూతెడు వేపనూనె పోసి, కర్రతో తిప్పి, పంపులో పోసుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. అలా చేస్తే మొదట కొట్టిన మొక్కకు ఉత్త నీళ్లు, చివరి మొక్కకు చిక్కని నూనె పడతాయి. పురుగు చావదు, చివరి మొక్క మాడుతుంది.

నేను చేసే పద్ధతి ఇది. లీటరు మందుకు 5 మి.లీ. గానుగ వేపనూనె చిన్న గిన్నెలో తీసుకుంటాను. అందులో ముందుగా చెంచాడు చిక్కని కుంకుడు రసమో, కరిగించిన ఖాదీ సబ్బు నీళ్లో పోసి, నూనె తెల్లబడేదాకా బాగా గిలకొడతాను. ఆ తర్వాతే నీళ్లు, అవి కూడా కొంచెం కొంచెంగా, తిప్పుతూ పోస్తాను. చివరికి నీళ్లన్నీ పాలరంగులోకి రావాలి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. పైన నూనె చుక్కలు మెరుస్తూ తేలితే ఆ మందు మొక్క మీదికి పోకూడదు. మళ్లీ సబ్బు వేసి కలపాల్సిందే. కొట్టేటప్పుడు కూడా మధ్య మధ్యలో పంపు ఊపుతూ ఉండాలి.

హైదరాబాదులోనూ తెలంగాణ జిల్లాల్లోనూ చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, విరిగి తెట్టు కడుతుంది. సబ్బు విరిగితే నూనె విడిపోతుంది. మందు పాలలా కాకుండా ముక్కలుగా కనిపిస్తే తప్పు నూనెది కాదు, నీళ్లది. వాననీళ్లు పట్టి పెట్టుకున్నవి ఉంటే ఈ పనికి వాటిని మించినవి లేవు. లేదంటే నల్లా నీళ్లు వాడండి. డిసెంబరు, జనవరి చలికి వేపనూనె నెయ్యిలా గడ్డకడుతుంది. సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టొద్దు.

కలిపిన మందు ఆ పూటకే. వేపలో ఉండే అజాడిరక్టిన్ నీళ్లలోనూ ఎండలోనూ త్వరగా చెడిపోతుంది. మిగిలినదాన్ని రేపటికి దాచొద్దు. తామర తొట్టిలోకి, చేపలున్న నీళ్లలోకి అసలు పారబోయొద్దు.

4. ఎండ, ఉక్క, దాహం

నూనె పురుగు ఊపిరి ఎలా ఆపుతుందో, ఎక్కువైతే ఆకు ఊపిరినీ అలాగే ఆపుతుంది. ఆకుకూ రంధ్రాలున్నాయి. ఎండ బాగా ఉన్నప్పుడు, మొక్క నీళ్లు లేక వాడినప్పుడు నూనె కొడితే ఆకు అంచులు మాడతాయి, మచ్చలు పడతాయి, లేత చిగుళ్లు నల్లబడతాయి. నీడలో 32 డిగ్రీలు దాటితే నూనె జోలికి పోవద్దని పుస్తకాలు చెబుతాయి. మన వేసవిలో ఆ లెక్క పాటిస్తే పగలంతా పంపు ముట్టుకోలేం. రోహిణి కార్తెలో నేను నూనె వాడనే వాడను. ఆ రోజుల్లో నీళ్లధారతో కడగడం ఒక్కటే చేస్తాను.

మిగతా కాలాల్లో ముందు రోజు మొక్కకు తృప్తిగా నీళ్లు పెట్టి, మర్నాడు ఎండ వాలాక, చీకటి పడేలోగా ఆకు ఆరేంత వ్యవధి ఉంచుకుని కొట్టండి. అప్పటికి తేనెటీగల రాకపోకలు కూడా తగ్గుతాయి. వానాకాలంలో అసలు ఇబ్బంది ఉక్క. గాలి లేని, ముసురు పట్టిన రోజున నూనె గంటల తరబడి తడిగానే ఉండిపోతుంది, ఆకుకు హాని చేస్తుంది. ముసురు విడిచి, కాస్త పొడిగాలి తోలే సాయంత్రం కోసం ఆగడమే మంచిది.

కొత్త మొక్క మీద మొదటిసారి కొడుతుంటే ఒక్క కొమ్మకే కొట్టి రెండు రోజులు చూడండి. ఫెర్న్‌లు, రెండాకుల మీదున్న బీర, సొర మొలకలు నూనెకు తట్టుకోలేవు. క్యాబేజీ ఆకు మీద, కొన్ని రకాల సక్యులెంట్ మొక్కల మీద బూడిదరంగు మైనపు పూత ఉంటుంది. అది వాటి రక్షణ. నూనె దాన్ని తుడిచేస్తుంది.

5. గంధకం కొట్టిన చోట నూనె వద్దు

మామిడి పూత మీద బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కొట్టడం మన రైతులకు బాగా అలవాటు. ద్రాక్షలోనూ వాడతారు. గంధకం, నూనె ఒకే ఆకు మీద కలిస్తే ఆకు మాడిపోతుంది. కలిపి కొట్టడం ఎటూ కూడదు, ఒకటి కొట్టిన రెండు వారాలకు ఇంకొకటి కొట్టినా ప్రమాదమే. నెల రోజులు ఎడం ఇస్తే నిశ్చింత. అద్దె పంపు తెచ్చుకునేవాళ్లు అంతకుముందు అందులో ఏం పోశారో అడిగి తెలుసుకోవాలి. కలుపు మందు పోసిన పంపు అయితే ఎంత కడిగినా నమ్మొద్దు.

6. బూడిద తెగులుకు మంచిదే, అన్ని తెగుళ్లకూ కాదు

తెగుళ్ల విషయంలో నూనెకు లేనిపోని గొప్పలు అంటగడుతున్నారు. ఉన్న గొప్పే చాలు.

బూడిద తెగులు శిలీంధ్రం చాలావరకు ఆకు బయటే బతుకుతుంది. తెల్లని దారాలు ఆకు పైన అల్లుకుని, సన్నని పీల్చే కాళ్లను మాత్రం పైపొర కణాల్లోకి దించుతుంది. పైన ఉంది కాబట్టి నూనె దానికి తగులుతుంది. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే రోజుల్లో సొర, బీర, బెండ, గులాబీ, రేగు ఆకుల మీద ముగ్గు చల్లినట్టు కనిపించేది ఇదే. ఇది మొలకెత్తడానికి ఆకు మీద నీటిచుక్క కూడా అక్కర్లేదు. అందుకే వానలు వెనకబట్టి చలి మొదలవగానే వస్తుంది. ఆకు మీద రెండు మూడు చిన్న తెల్లమచ్చలు కనిపించిన రోజే వేపనూనె మొదలుపెట్టి, వారానికొకసారి చొప్పున రెండు మూడు సార్లు కొడితే అదుపులో ఉంటుంది. ఆకు మొత్తం తెల్లబడ్డాక కొడితే నూనె వృథా. అప్పుడు ఆ ఆకులు తుంచి పారేయడమే దారి.

ఆకు లోపలికి దిగిపోయే తెగుళ్ల సంగతి వేరు. వేరుకుళ్లు, ఎండు తెగులు నేలలోంచి వస్తాయి, ఆకు మీద కొట్టే నూనె వాటిని ఏమీ చేయదు. దోస జాతి పాదుల మీద వచ్చే బూజు తెగులు పేరుకు, చూపుకు బూడిద తెగులుకు దగ్గరగా ఉంటుంది గానీ నూనెతో పోదు. దానికి బూజు ఆకు అడుగున, పసుపు మచ్చలు పైన వస్తాయి. తేడా గుర్తుపట్టాలి. అరటి సిగటోక ఆకుమచ్చ ఒక మినహాయింపు. దాని మీద మినరల్ ఆయిల్ పని చేస్తుందని 1950లలో కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో తేలింది. ఇప్పటికీ అరటి తోటల్లో శిలీంధ్రనాశినితో పాటు మినరల్ ఆయిల్ కలిపి కొడతారు.

నూనె హద్దు ఎక్కడో చెప్పడానికి వేపచెట్టు కన్నా పెద్ద సాక్ష్యం లేదు. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివళ్ల నుంచి ఎండిపోతుంటే జనం భయపడ్డారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కొమ్మల్లో చేరిందనీ, టీ దోమ దాన్ని మరింత పెంచిందనీ శాస్త్రవేత్తలు చెప్పారు. ఊరందరి మొక్కలకు మందిచ్చే చెట్టు తన ఒంట్లో దూరిన శిలీంధ్రాన్ని ఆపుకోలేకపోయింది. చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగిర్చాయి. అవి చిగిర్చిన రోజు మా వీధిలో అందరం బయటికి వచ్చి చూశాం.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. వేపనూనెతో మొక్కల శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతి తమదేనని అమెరికా కంపెనీ డబ్ల్యూ.ఆర్. గ్రేస్, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి 1994లో యూరప్‌లో పేటెంటు పుచ్చుకున్నాయి. మన దేశపు పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, యూరోపియన్ పార్లమెంటులో పర్యావరణవాది మాగ్దా ఆల్వోట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాన్ని ఎదిరించారు. 2000లో యూరోపియన్ పేటెంటు కార్యాలయం ఆ పేటెంటును రద్దు చేసింది. కంపెనీ పైకి అప్పీలుకు వెళ్లినా 2005 మార్చిలో అది కూడా కొట్టేశారు. మన తాతల కాలం నుంచి తెలిసిన పని ఒక కంపెనీ సొత్తు కాకుండా కొందరు దాదాపు పదేళ్లు పోరాడారు. వేపనూనె సీసా మూత తీసేటప్పుడు ఈ సంగతి మన పిల్లలకు చెప్పాలని నా కోరిక.

7. సీసా మీద రాసింది చదవండి

వేపనూనె పేరుతో దుకాణంలో మూడు నాలుగు రకాలు దొరుకుతాయి. గానుగలో ఆడించిన చేదు నూనె ఒకటి. ఇందులో నూనె ఎక్కువ, అజాడిరక్టిన్ ఎంతుందో గింజను బట్టి మారుతుంది. 300, 1500, 10000 పి.పి.యం. అని రాసి అమ్మే మందులు ఇంకో రకం. ఆ అంకె అజాడిరక్టిన్ పాళ్లది. 1500 పి.పి.యం. మందును లీటరుకు 5 మి.లీ. వేయమంటారు కదా అని 10000 దాన్నీ అంతే పోస్తే మొక్కకూ దండగ, చేతి డబ్బుకూ దండగ. డబ్బా మీద రాసిన మోతాదే పాటించాలి.

అజాడిరక్టిన్ పని నూనె పని లాంటిది కాదు. పురుగుకు తిండి మీద ఆశ చంపుతుంది, కుబుసం విడవనివ్వదు. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చనిదంతా మేసి వేపను మాత్రం వదిలేయడం జర్మన్ శాస్త్రవేత్త ష్ముటరర్ చూశారు. 1962లో ఢిల్లీలో డాక్టర్ ప్రధాన్ వేప గింజల రసం చల్లి మిడతల నుంచి పైరును కాపాడి చూపించారు. ఆకులు తినే పురుగులే మీ బాధ అయితే నూనె కన్నా 5 శాతం వేపగింజల కషాయం మంచిది. 5 కిలోల పప్పును దంచి, గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి వడకట్టి, 100 లీటర్లకు చేసుకుని, కాస్త సబ్బుపొడి కలిపి కొట్టాలి. జూన్, జులైలో చెట్టు కింద రాలిన పండ్లు ఏరుకుంటే ఖర్చు లేదు. ఆరబెట్టేటప్పుడు బూజు పట్టకుండా నీడలో పలచగా పరచాలి.

మా పెద్దమ్మాయి డాలస్‌లో ఉంటుంది. కరివేపాకు కుండీని చలికాలం ఇంట్లో పెట్టుకుంటే ఎర్రనల్లి, పొలుసు పురుగు పట్టాయని ఫోన్లో బాధపడింది. అక్కడి దుకాణాల్లో వేపనూనె పేరుతో అమ్మేది చాలావరకు అజాడిరక్టిన్ తీసేసిన శుద్ధి నూనె. ఎర్రనల్లికి, పొలుసు పురుగుకు, బూడిద తెగులుకు అది సరిపోతుంది, ఆకు తినే పురుగుకు సరిపోదు. అమెరికాలోని తెలుగువాళ్లకు ఇంకో మాట. నిమ్మ జాతికి పచ్చతెగులు మోసుకొచ్చే సిల్లా పురుగుకు కరివేపాకు కూడా ఇల్లే. అందుకే టెక్సాస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి చోట్ల కరివేపాకు మొక్కలను ఒక చోటు నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. స్నేహితులకు మొక్క ఇచ్చే ముందు ఆ నియమాలు కనుక్కోండి.

అక్కడి పుస్తకాల్లో శీతకాలపు నూనె అని ఒకటుంటుంది. ఆకులన్నీ రాల్చి చెట్టు నిద్రపోయే కాలంలో, మొగ్గ కదలకముందు చిక్కగా కొట్టే మినరల్ ఆయిల్ అది. మన దేశంలో కశ్మీరు, హిమాచల్ ఆపిల్ తోటల్లో శాన్ జోస్ పొలుసు పురుగు మీద ఇదే పద్ధతి నడుస్తోంది. అక్కడ అది చాలా పెద్ద మందు. మన మామిడి, నిమ్మ, జామ అలా ఆకు రాల్చి నిద్రపోవు. ఆ మోతాదు మన చెట్లకు పనికిరాదు.

8. మిత్రులను గుర్తుపట్టండి

నూనె తగిలిన మెత్తని పురుగల్లా చస్తుంది, మంచిదా చెడ్డదా అని నూనె చూడదు. కాబట్టి ఆ చూపు మనకుండాలి. పేనుబంక ఉన్న చిక్కుడు తీగ మీద అక్షింతల పురుగులు, మొసలి ఆకారంలో ఉండే వాటి నల్లని పిల్లలు తిరుగుతుంటే ఆ తీగను వారం రోజులు ముట్టుకోకండి. అవే తినేస్తాయి. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఉంది. 1898లో మన దేశానికి తెచ్చారు. దాని పిల్ల అచ్చం పిండినల్లిలాగే తెల్లని మైనపు దారాలతో ఉంటుంది. చాలామంది దాన్నే శత్రువనుకుని చంపుతున్నారు. పిండినల్లి కన్నా పెద్దది, దారాలు పొడుగు, చురుగ్గా నడుస్తుంది. చీపురుపుల్లతో కదిపి చూస్తే తెలిసిపోతుంది.

కోనసీమ కొబ్బరి తోటల అనుభవం అందరూ తెలుసుకోవాలి. 2016లో పొల్లాచి వైపు మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కొద్దికాలానికే కోస్తా ఆంధ్రకు వచ్చింది. మట్టల అడుగున వలయాలు వలయాలుగా గుడ్లు పెడుతుంది. దాని తేనెబంక కిందనున్న అరటి, కోకో, జామ ఆకుల మీద పడి, ఆ తీపి మీద మసి తెగులు పట్టి తోటంతా నల్లబడింది. భయపడి బలమైన రసాయనాలు కొట్టినచోట మేలుచేసే పురుగులూ పోయాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఆ దోమను చంపే శిలీంధ్రాన్ని, గుడ్లను పిల్లలను తినే అల్లికరెక్కల పురుగును పెంచి రైతులకిచ్చారు. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ తనంతట తానే వచ్చి దోమ పిల్లల్లో గుడ్లు పెట్టింది. వాటికి తోడుగా ఒక శాతం వేపనూనె, సబ్బుపొడి చాలన్నారు. నూనె ఆరాక విషం మిగలదు కాబట్టి తర్వాత వచ్చే మిత్రులకు హాని తక్కువ. మిత్రులను మిగల్చడంలో బలమైన రసాయనాలు నూనెకు సాటిరావు.

మసి తెగులు ఆకును తినదు, పైనున్న తేనెబంక మీద బతుకుతుంది. పురుగు పోతే అదీ పోతుంది. తొందరగా వదలాలంటే పలచని గంజి కొట్టండి. ఎండకు ఆ గంజి పొలుసులుగా ఎండి మసితో సహా రాలిపోతుంది. మా నిమ్మతోటలో నల్లదోమ వచ్చిన ఏడు ఆకులకు మళ్లీ పచ్చదనం ఇచ్చింది గంజే.

9. చీమల బారు కనిపిస్తే

కాండం మీద చీమలు పైకీ కిందకీ నడుస్తున్నాయంటే పైన పేనుబంకో పిండినల్లో ఉన్నట్టే. తేనెబంక కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి, అక్షింతల పురుగులను తరిమేస్తాయి, పిల్లలను కొత్త కొమ్మలకు మోస్తాయి. చీమల బారు తెంచకుండా నూనె కొడితే నెలలోపే మళ్లీ మొదటికొస్తుంది. కుండీ కాళ్లను నీళ్ల పళ్లేల్లో ఉంచండి. గోడకు ఆనుతున్న కొమ్మలు కత్తిరించండి.

10. ఎక్కడ ఆపాలో తెలియాలి

వారం పది రోజుల ఎడంతో మూడు సార్లు. మొదటిసారి తప్పించుకున్న గుడ్లు పొదగడానికి ఆ వ్యవధి సరిపోతుంది, ఆ పిల్లలకు రెండోసారి, మిగిలినవాటికి మూడోసారి. మూడింటికీ లొంగకపోతే నాలుగోసారి కొట్టకండి. కొమ్మలు కత్తిరించండి, ఎరువు తగ్గించండి. యూరియా ఎక్కువైన మొక్క చిగుళ్లు లేతగా, రసంగా ఉంటాయి, పేనుబంక అక్కడికే వస్తుంది. పురుగు లేకపోయినా నెలనెలా ముందు జాగ్రత్తగా నూనె కొట్టే అలవాటు మంచిది కాదు. ఆకు మీద పొర మీద పొర పేరుకుంటే మొక్క ఎదుగుదల తగ్గుతుంది.

కూరగాయలకు కొడితే కనీసం మూడు నాలుగు రోజులు ఆగి, బాగా కడిగి వండుకోండి. కొత్తిమీర, పుదీనా, కరివేపాకులకు వేప వాసన పట్టి వదలదు. కోతకు వచ్చిన ఆకుకూరల మీద కొట్టకపోవడమే మేలు.

11. సీసా పిల్లలకు అందకూడదు

చెట్టు మందు కదా, ఏమీ కాదని వేపనూనె సీసాను వంటింటి గట్టు మీద పెట్టే ఇళ్లున్నాయి. దగ్గు తగ్గుతుందని, నులిపురుగులు పోతాయని పసిపిల్లలకు చుక్కలు తాగించిన ఇళ్లూ ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. వేపనూనె తాగిన పసిపిల్లలకు వాంతులు, మగత, ఆయాసం, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలను వైద్యులు నమోదు చేశారు. వేపనూనెను, మినరల్ ఆయిల్‌ను తాళం వేసే అరలో పెట్టండి. కూల్‌డ్రింకు సీసాల్లో, నీళ్ల సీసాల్లో ఎప్పుడూ పోసి ఉంచకండి. పొరపాటున పిల్లలు తాగారనిపిస్తే వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసాను వెంట తీసుకుని ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.